గోడ లోపలి అడుగులు

సుప్రజ కట్టిన కోట గోడల్లో ఎవరో నడుస్తున్నారు.

ఆమె చెప్పినప్పుడు మేమంతా నవ్వాం. "నీ హెడ్‌ఫోన్లు పాతవి, పారెయ్" అన్నాను నేను. కొత్తవి తెచ్చుకుంది. అయినా అదే చప్పుడు. అసలే ఆ పిల్లకి కోపం ముక్కు మీద ఉంటుంది. "వచ్చి నువ్వే విని చావు" అని నా చెవులకి తగిలించింది.

విన్నాను. తెర మీద బొమ్మని గోడ పక్కన నడిపిస్తే, గోడ లోపల ఎవరో పాదాలు ఈడుస్తూ నడిచారు. నేను ఆగితే ఆగారు. రెండడుగులు వెనక్కి వేస్తే వాళ్ళూ వేశారు. దాచుకోవడం ఎందుకు, నాకు ఒళ్ళు జలదరించింది.

మేం ఆరుగురం హన్మకొండలో ఒక జిరాక్స్ షాపు మీది గదిలో ఉస్తాద్ మహబూబలి దగ్గర కట్టడం నేర్చుకుంటున్నాం. నిజం రాళ్ళతో కాదు, కంప్యూటర్లో బ్లాకుల ఆటలో. ఉస్తాద్ ముప్పై ఏళ్ళు పాత కోటలు బాగుచేసిన మేస్త్రీ. మోకాళ్ళు మొరాయించాక ఈ ఆటలోకి దిగాడు. ఆటలో మేమంతా కలిసి కట్టే నగరం ఒకటుంది. అక్కడ మనిషికి ఒకటే ప్రాణం. పోతే పోయినట్టే, ఆ పేరుతో మళ్ళీ రాలేరు. ఉస్తాద్ బొమ్మ ఆరేళ్ళుగా బతికే ఉంది. ఆయన "అయింది" అంటేనే ఏ కట్టడానికైనా తలుపులు తెరుస్తాం.

సుప్రజకి రెండుసార్లు ఆ మాట దక్కలేదు. "ఈసారీ కాదంటే ఇక మౌస్ ముట్టను" అని ఒట్టు పెట్టుకుని, నాలుగు నెలలు కూర్చుని కాకతీయుల కాలపు కోట కట్టింది. ఎత్తైన గోడలు, బురుజులు, తూర్పు గోడ పొడవునా రాతి పూలు. నిజం చెప్పొద్దూ, నాకు కుళ్ళు పుట్టింది. ఆదివారం సాయంత్రం ఐదింటికి జనం చూడ్డానికి రావాలి. మూడింటికి ఉస్తాద్ ఆమె పక్క కంప్యూటర్ ముందు కూర్చున్నాడు.

"అంతా అయిపోయింది ఉస్తాద్. ఈ చప్పుడొక్కటే" అంది సుప్రజ.

ఉస్తాద్ తన బొమ్మని కోట చుట్టూ నింపాదిగా తిప్పాడు. తూర్పు గోడ దగ్గర ఆగాడు.

"గోడ మందం ఎంత బిడ్డా?"

"తొమ్మిది రాళ్ళు."

"కడుపు నింపినవా?"

పెద్ద గోడకి బయటో వరస, లోపలో వరస రాళ్ళు పేర్చి, మధ్య ఖాళీలో రాతిముక్కలూ సున్నమూ కూరతారు. దాన్నే ఉస్తాద్ కడుపు అంటాడు.

సుప్రజ మొహం చిట్లించింది. "అది బయటికి కనబడదు గదా ఉస్తాద్. అంత లోపలికి ఎవరు చూస్తరు?"

ఉస్తాద్ ఒక పువ్వు మధ్య రాయి ఊడదీశాడు.

"అయ్యో!" అని అరవబోయిన సుప్రజ మధ్యలోనే ఆగిపోయింది.

కంతలోంచి మొహాలు కనబడ్డాయి. ఈ ఆటలో వెలుగు పడని చోట వాటంతట అవే పుడతాయి, మనిషిలా ఉండి మనిషి కానివి. గదిగదికీ దివిటీ పెట్టాలని మొదటి రోజే నేర్చుకుంటాం. గోడ లోపల ఎవరు పెడతారు? పదో పన్నెండో ఉన్నాయి. భుజాలు ఒరుసుకుంటూ, అన్నీ మావైపే తిరిగి నిలబడ్డాయి. నాలుగు నెలలుగా ఆమె పూలు చెక్కుతుంటే, అవి అరచెయ్యంత దూరంలో నిలబడి ఉన్నాయన్నమాట.

సుప్రజ తన బొమ్మ చేత కత్తి తీయించింది. ఉస్తాద్ ఆమె చేతి మీద మెల్లగా తట్టాడు. తర్వాత కింది రాయి కూడా తీసి, తన బొమ్మని లోపలికి నడిపించి, రెండు రాళ్ళూ లోపల్నుంచి మళ్ళీ పెట్టేశాడు. గోడ ఎప్పటిలా అందంగా అయిపోయింది.

ఉస్తాద్ తెర నల్లబడింది. అడుగున పది ఎర్రటి గుండెలు, అవే ప్రాణం. ఒకటి ఆరిపోయింది. ఉస్తాద్ బొమ్మని ఆ చీకట్లోనే ఇంకొంత దూరం నడిపించి, మౌస్ వదిలేసి చేతులు ఒళ్ళో పెట్టుకున్నాడు.

"ఉస్తాద్, ఏం చేస్తున్నరు! బయటికి రండి!"

హెడ్‌ఫోన్లలో అడుగులు కదిలాయి. ఈసారి అవి సుప్రజ వెంట నడవడం లేదు.

"ఎక్కడున్నరు ఉస్తాద్?"

"గోడ చూసి నువ్వే చెప్పు" అన్నాడాయన.

సుప్రజ గోడకేసి చూసింది. ఎనభై పూలున్నాయి. ఒక్క రేకు తేడా లేకుండా చెక్కానని మా అందరికీ చూపించి మురిసిపోయింది. ఆయన ఏ పువ్వు వెనక ఉన్నాడో ఇప్పుడు ఆమెకే తెలియలేదు.

"ఏడు గుండెలే ఉన్నయి!" అని అరిచాను నేను, గుండెలు లెక్కపెడుతూ. "అయిదు! తొందరగా కానీయవే!"

మొదటి పువ్వుని ఏడుస్తూనే పగలగొట్టింది. రెండోదానికి ఏడుపు ఆపేసింది. తర్వాత ఎన్ని పగిలాయో ఎవరూ లెక్కపెట్టలేదు. రాళ్ళు రాలుతుంటే ఆటలోని పొద్దుటెండ గోడలోకి పడింది. ఎండ తగిలినవి తగిలినట్టే చప్పుడు లేకుండా కాలిపోయాయి. చివరి మూలలో ఇంకా చీకటుంది. సుప్రజ తన బొమ్మని గోడలోకే నడిపించి, ఉస్తాద్‌కి అడ్డంగా నిలబెట్టి, ఆఖరి రాళ్ళు లోపల్నుంచి పగలగొట్టింది.

ఉస్తాద్‌కి ఒక్క గుండె మిగిలింది.

తూర్పు గోడ నేలమట్టమైంది. మిగతా మూడు గోడల్లో నడక వినబడుతూనే ఉంది.

"ఇవ్వాళ రావద్దని జనానికి ఫోన్ చెయ్యవా" అని సుప్రజ నన్ను అడిగింది.

ఉస్తాద్ ఆమె తెర వైపు వంగి చూశాడు. "ఇప్పుడు గోడ లోపల ఎవరున్నరు బిడ్డా?"

గోడ కడుపు ఉండాల్సిన చోట ఆమె బొమ్మ ఇంకా ఉస్తాద్ బొమ్మకి అడ్డంగా నిలబడే ఉంది.

"నేనే ఉస్తాద్."

"అయితే లోపల్నుంచే కట్టు."