సింగడి తళతళల గూడు

అనగనగా ఒక అడవిలో, వాగు ఒడ్డున ఒక తుమ్మచెట్టు. దాని నిండా గిజిగాళ్లే. పిల్లలూ, ఈ గిజిగాళ్లకు ఒక ఆచారం ఉంది. మగపక్షి పచ్చిగడ్డితో గూడు సగం అల్లి ఆడపక్షిని పిలుస్తుంది. ఆమె లోపలికి వెళ్లి చూస్తుంది. నచ్చితేనే కాపురం.

చుక్కమ్మ అనే ఆడపక్షికి సింగడు అనే మగపక్షి అల్లిక అంటే ప్రాణం. అంత గట్టి ముడి ఆ చెట్టు మీద ఇంకెవరూ వేయలేరు. వానలు ఉండగానే గుడ్లు పెట్టాలి, పిల్లలకు రెక్కలు రావాలి. అదే ఆమె తొందర.

ఆమె చూడటానికి వచ్చేసరికి సింగడు గూడు విప్పేస్తున్నాడు. ఈ ఏడాది నెమలి ఈక లేనిది అసలు గూడే కాదని ఒక కాకి వచ్చి చెప్పిందట. నాలుగు ఈకలిచ్చి, వాడు ఏరి తెచ్చుకున్న గింజలన్నీ తినిపోయిందట.

రెండోసారి వచ్చింది. అప్పటికి అందరి గూళ్లకూ నెమలి ఈకలే. అందుకని అవి పాతబడ్డాయంది కాకి. ఇప్పుడు ఎర్రదారాలట. సింగడు మళ్లీ విప్పాడు. చుక్కమ్మకు ఒళ్లు మండింది. ఇంత పనితనం ఉన్నవాడికి ఇదేం పిచ్చి అని తల పట్టుకుంది.

మూడోసారి వచ్చేసరికి గూడంతా చిప్స్ పొట్లాల తళతళ. లోపలికి అడుగుపెడితే కాలు జారింది. గాలికి గూడు ఊగకుండా లోపల తడిమట్టి మెత్తాలి కదా, ఆ నున్నటి పొట్లాలకు మట్టి అంటితేనా?

"సింగా, ఈ గూడు ఎవరి కోసం?" అని అడిగింది.

"నలుగురూ చూసి మెచ్చుకోవాలి కదా, చుక్కా" అన్నాడు సింగడు.

"అయితే ఆ నలుగురినే కాపురానికి పిలుచుకో" అని చుక్కమ్మ పక్క కొమ్మ మీదికి ఎగిరిపోయింది. అక్కడ గంగడు అనే ఇంకో మగపక్షి గూడు ఉంది. ముడులు అంత గొప్పవేం కావు. కానీ పచ్చిగడ్డి, తడిమట్టి, అన్నీ ఉన్నాయి.

పెద్ద గాలివాన వచ్చింది. తళతళల గూడు జారి వాగులో పడింది. గంగడి గూడు మాత్రం నిలిచింది. కొన్నాళ్లకు అందులో పిల్లలు కిచకిచలాడాయి.

అప్పుడు కాకి మళ్లీ వచ్చింది. "సింగా, ఇప్పుడంతా ఉత్త గడ్డిగూళ్లే. వాగు అవతల అందరూ అవే కడుతున్నారు" అంది.

సింగడు గడ్డికోసం పరుగెత్తాడు. వానలు ఎప్పుడో ఆగిపోయాయి. గడ్డి ఎండిపోయింది. వంచిన ప్రతి పోచా పుటుక్కున విరిగింది. చుక్కమ్మ పైనుంచి చూసింది. ఆమెకు ఇప్పుడు కోపం కూడా రాలేదు. పిల్లల నోట్లో పురుగు పెట్టడానికి లోపలికి వెళ్లిపోయింది.

నీతి: పూటకో మోజు వెంట పరుగెత్తేవాడికి చేతిలో ఉన్న విద్య కూడా అవసరానికి అక్కరకు రాదు.