రాయబారి పట్టుకున్న లెవెల్ పైపు

మూడుసార్లు కూర్చున్నారు. మూడుసార్లూ కుర్చీలు వెనక్కి నెట్టి లేచిపోయారు. ఏటి నీళ్ళ పంపకం తెగలేదు. ఎగువనున్న పొరుగుదేశం గేట్లు దించేసి కూర్చుంది. దిగువన మన వైపు నలభై ఊళ్ళ నారుమళ్ళు పచ్చదనం పోగొట్టుకుంటున్నాయి. రేపు నాలుగోసారి, ఆఖరిసారి కూర్చోవాలి.

మన తరపున కూర్చునేది శేషశయనం. ఒకప్పుడు ఆనకట్టలు కట్టిన ఇంజనీరు, తర్వాత నీటిపారుదల మంత్రి, ఇప్పుడు ఆ పొరుగుదేశంలో మన రాయబారి. ఇన్ని మెట్లెక్కిన మనిషికి ఆ ఒక్క బల్ల దాటడం చేతకాలేదు.

తెల్లారుతూనే సెక్రటరీని వెంటబెట్టుకుని, సరిహద్దు దాటి, మన వైపున్న దర్గా గుట్ట మీదికి వచ్చాడు. కుర్రతనంలో తనకి పని నేర్పిన దస్తగిరి బాబా ఉండేది అక్కడే. తాపీపని మానకుండానే ఫకీరైన మనిషి. గుట్ట కింద ఏరు, ఎవరో మరిచిపోయిన వెండి గొలుసులా సన్నగా మెరుస్తోంది.

బాబా బాటసారుల కోసం గది కడుతున్నాడు. గోడలు నడుమెత్తు లేచాయి.

"ఏం ఇంజనీరూ, మంత్రి పదవి ఎలా ఉంది?"

"అది పోయి మూడేళ్ళయింది బాబా. ఇప్పుడు రాయబారిని."

"మంచిదే. ఎండలో నిలబడక్కర్లేదు."

శేషశయనం నవ్వలేకపోయాడు. గుండెలో ఉన్నదంతా కుమ్మరించాడు. ముప్పయ్యేళ్ళ వరద లెక్కలు పట్టుకెళ్ళాడట. గంటన్నర ఏకధాటిగా చెప్పాడట. ఒక్క అంకె తప్పు పోలేదట.

"అయినా కదలరు బాబా! రాయైనా కరుగుతుందేమో గానీ వాళ్ళు కరగరు. నా లెక్క సరైనదే. తేడా అంతా వాళ్ళ వైపే."

బాబా నీళ్ళు నింపిన లెవెల్ పైపు తెచ్చి ఒక కొస అతని చేతిలో పెట్టాడు. చూడ్డానికి మామూలు గొట్టమే. మూతులు తెరిచి ఉంటే రెండు కొసల్లోనూ నీళ్ళు ఒకే ఎత్తున నిలుస్తాయి కనుక, గోడల ఎత్తు సమంగా ఉందో లేదో అదే చెబుతుంది.

"ఆ మూలకి పో. నీళ్ళు ఒలకనీకు."

శేషశయనానికి ప్రాణం లేచొచ్చింది. ఎన్నాళ్ళకి! కోటు విప్పి ఇటుకల మీద పడేసి, గొట్టం మూతిని బొటనవేలితో నొక్కిపెట్టి, మూలకి నడిచి, గోడకి ఆనించి పట్టుకున్నాడు.

"నిలబడ్డాయా?" ఈ మూల గోడ మీద తన గీత దగ్గర రెండో కొస పట్టుకుని అడిగాడు బాబా.

"నిలబడ్డాయి. వెంట్రుకవాసి కదలడం లేదు. గీత కొట్టేస్తున్నా."

"ఆగు. ఇక్కడ నీళ్ళు నా గీతకి అందలేదే."

"అయితే మీ గీతే తప్పు."

బాబా తన కొస కాస్త ఎత్తాడు, కాస్త దించాడు. "ఇప్పుడు?"

"ఉన్నచోటే ఉన్నాయి. నా వైపు సరిగ్గానే ఉంది బాబా, మీ వైపే చూసుకోండి."

ముసలాయన కొస ఎత్తి పట్టుకునే, ఓపిగ్గా అటు చూశాడు.

"వేలు తియ్యి నాయనా."

శేషశయనం తన చేతికేసి చూసుకున్నాడు. బొటనవేలు గొట్టం మూతి మీద అలాగే బిగిసి ఉంది. గోరు తెల్లబడిపోయింది.

తీశాడు. నీళ్ళు ఉలిక్కిపడ్డట్టు లేచి, జారి, ఊగి ఊగి, మెల్లగా ఒకచోట నిలబడ్డాయి. అవతల బాబా తన గీత చూసుకుని తల ఊపాడు.

శేషశయనం ఆ నీటి అంచు దగ్గర గోడ మీద గీత కొట్టాడు. తర్వాత కారు దగ్గరున్న సెక్రటరీని పిలిచాడు.

"రేపు నా ప్రసంగం తీసేయండి. ముందు వాళ్ళ తరపున కూర్చునే పెద్దాయన్ని మాట్లాడమని కబురు పెట్టండి."

"ఎంతసేపు సార్?"

"ఆయన ఆపేదాకా."

సెక్రటరీ నోరెళ్ళబెట్టి ఫోను తీశాడు. శేషశయనం గొట్టం కింద పెట్టి, తేలిగ్గా ఊపిరి పీల్చుకుని, కోటు అందుకోబోయాడు.

"ఎక్కడికి?" అన్నాడు బాబా. "ఇంకా రెండు మూలలున్నాయి."