సీసాలో నురగ

వినీల్ మెయిల్ రాసేశాడు. "ఈ బ్యాచ్ పనికిరాదు." ఇక పంపడమే తరువాయి.

మందుగా వాడే ప్రోటీన్లను పరీక్షించే ల్యాబ్ అది. ప్రోటీన్ అంటే పప్పులో ఉండేదేగా అనుకోకండి. ఇది సూదిమందుగా ఒంట్లోకి ఎక్కేది. దాని అణువులు విడివిడిగా ఉండాలి. ఒకదానికొకటి అంటుకుని ముద్దకడితే మందు పనిచేయదు సరికదా, కీడు కూడా చేయవచ్చు. యంత్రం గీసే గీతలో విడి అణువులు పెద్ద కొండలా లేస్తాయి. ముద్దలుంటే ఆ కొండకు ముందు చిన్న గుట్ట కనిపిస్తుంది.

వినీల్ గీతలో ఆ గుట్ట కనిపించింది.

తయారీ విభాగం బోసుగారికి ఈ కబురు ఎవరి నోటో తెలిసి పరుగున వచ్చారు. "ఇంకోసారి చూడు బాబూ! మా దగ్గర బాగానే ఉంది. పారబోయమంటే మావాళ్ల కష్టమంతా మట్టిపాలు."

"మళ్ళీ మళ్ళీ చూశానండీ, అదే గుట్ట. యంత్రానికి మొహమాటం ఉండదు."

ల్యాబ్ పెద్ద ఖమరున్నీసా మేడం పక్క బల్ల దగ్గర ఈ మాటలన్నీ విన్నారు. లేచి వచ్చి అదే బ్యాచ్‌వి కొత్త సీసాలు రెండు తెప్పించారు. రెంటిలోనూ మందు పొడిగా ఉంది, నీళ్లలో కరిగించాలి.

"ఒకటి నువ్వు కలుపు నాయనా. ఒకటి నేను కలుపుతాను."

వినీల్ నీళ్లు పోసి, సీసాను కుదిపే మిషన్ మీద అదిమిపట్టాడు. అది గిర్రున తిరిగింది. "చిటికెలో అయిపోయింది మేడం!"

ఆవిడ సీసా గోడ వెంట నీళ్లు జారవిడిచారు. అరచేతుల మధ్య నెమ్మదిగా దొర్లించి బల్ల మీద పెట్టేశారు.

"అలా వదిలేస్తే ఎప్పటికి కరుగుతుంది మేడం?"

"కరిగినప్పుడు. రా, టీ తాగొద్దాం. బోసుగారూ, మీరూ రండి."

బోసుగారు టీ తాగినంతసేపూ గడియారమే చూశారు.

తిరిగి వచ్చేసరికి మేడం సీసా తేటగా ఉంది. వినీల్ సీసాలో నీటి మీద ఇంకా నురగ తేలుతూనే ఉంది. మేడం రెండింటినీ యంత్రానికి ఎక్కించారు.

వినీల్ సీసా గీత ముందు వచ్చింది. అదే గుట్ట. తర్వాత మేడం సీసాది. ఒక్క కొండ, దాని ముందు చదునైన నేల.

బోసుగారు హమ్మయ్య అని కుర్చీలో కూలబడ్డారు. "ఇప్పుడు ఏం పారబోయమంటావు బాబూ?"

వినీల్ నురగ తేలుతున్న తన సీసా వైపు చూశాడు. తన కుదుపుకే మందు ముద్దకట్టింది. మెయిల్ తెరిచి, రాసిందంతా చెరిపేశాడు. మేడం వైపు తిరిగాడు.

"యంత్రానికి మొహమాటం ఉండదని బోసుగారి మీద ఎగిరాను మేడం."

"నిజమే అన్నావు నాయనా," అన్నారు ఆవిడ, కళ్ళజోడు తుడుచుకుంటూ. "నీ దగ్గర కూడా మొహమాటపడలేదు."