జుంటి పరుగు నేర్చిన వేసవి

మబ్బులకోన అడవిలో ఎలుగుబంట్లు, అడవిపందులు, జింకలు, కుందేళ్లు, నెమళ్లు కలిసి ఉండేవి. అడవి నడుమ ఒక ఊట ఉండేది. అది ఎన్నడూ ఎండింది లేదు. అందుకే అక్కడి జంతువులు చాలావాటికి అడవి దాటే అవసరమే రాలేదు.

జుంటి అనే ఆడ ఎలుగుబంటికైతే పరుగెత్తే అవసరం కూడా రాలేదు. తేనెపట్టు ఎక్కడుందో దాని ముక్కే చెప్పేది. చెదపుట్ట కనిపిస్తే గోళ్లతో పగలగొట్టి కడుపు నింపుకునేది. ఇప్పపూలు తిని బండ నీడన పడుకునేది.

ఆ ఏడు వానలు మొహం చాటేశాయి. వేసవి మొదట్లోనే ఊట సన్నగిల్లింది.

ఇక నీళ్లు ఉన్నది ఏటిలోనే. ఆ ఏరు అడవి అవతల, పెద్ద పచ్చిక బయలు దాటాక ఉంది. బయలులో ఒక్క చెట్టు లేదు. పొద్దెక్కితే చాలు, రేచుకుక్కల గుంపు అక్కడ వేటకు దిగుతుంది. తెల్లవారుజామునే బయలుదేరి, అవి దిగేలోపు పరుగున దాటేయాలి.

ఆ దారి తెలిసింది సింగారి అనే ముసలి జింకకే. అది అందరినీ పిలిచి చెప్పింది. "ఊట పూర్తిగా ఎండడానికి ఇంకా కొంత సమయముంది. ఆలోగా పరుగు నేర్చుకోండి. దారి నేను చూపిస్తాను."

"పరుగు కూడా ఒకరి దగ్గర నేర్చుకోవాలా?" అంది రాయుడు అనే అడవిపంది. దాని మెడ చెట్టు మొద్దంత. కోరలు చూస్తే చిరుతపులి కూడా పక్కకు తప్పుకునేది.

జుంటి మాత్రం మర్నాడు పొద్దున్నే పరుగు మొదలుపెట్టింది. మొదట ఊపుగానే వెళ్లింది. కాసేపటికే రొమ్ము కొలిమితిత్తిలా ఎగసిపడింది. నాలుక బయటికి వచ్చింది. కళ్ల ముందు చుక్కలు తిరిగాయి. దబ్బున కూలబడింది.

"కూలబడకు. లేచి మెల్లగా నడువు. గుండె నెమ్మదించాక కూర్చో. నీళ్లు కొద్దికొద్దిగా తాగు" అంది సింగారి.

జుంటి అలాగే చేసింది. కానీ మరుసటి ఉదయం లేవబోతే కాళ్లు కదల్లేదు. తొడలు రాళ్లలా బిగిసిపోయాయి. బండ దిగుతుంటే ప్రాణం పోయినంత పనైంది. అది భయపడి ఏడ్చేసింది.

"అవ్వా, నా కాళ్లు పాడైపోయాయి. ఇక నేను ఏరు చేరినట్టే!"

సింగారి దాని కాళ్లను ముక్కుతో తడిమి చూసింది. "ఎక్కడైనా ముల్లు గుచ్చినట్టు ఒక్కచోటే పోటు పెడుతోందా?"

"లేదు. అంతటా సలుపు."

"అయితే భయం లేదు. ఇవాళ పరుగు వద్దు. నిన్న నువ్వు పగలగొట్టిన చెదపుట్ట ఉంది కదా, పోయి దాని దగ్గర కూర్చో. తినడానికి కాదు, చూడడానికి."

జుంటికి ఏమీ అర్థం కాలేదు. అయినా కుంటుకుంటూ వెళ్లి కూర్చుంది. పుట్టలు లెక్కలేనన్ని పగలగొట్టింది గానీ, పగిలాక ఏమవుతుందో అది ఎన్నడూ చూడలేదు.

చీలికలోంచి చెదలు బారులుబారులుగా వస్తున్నాయి. ఒక్కోటి ఆవగింజంత మట్టి తెస్తోంది, ఎంగిలితో తడిపి అంచుకు అతికిస్తోంది. వాటిని కేకేసి నడిపించేవారు లేరు. అయినా ఏదీ ఆగడం లేదు. ఎండ నడినెత్తికి వచ్చింది, వాలింది. చూస్తుండగానే చీలిక మూసుకుపోయింది. కొత్త గోడ పాతదానికన్నా మందంగా లేచింది.

జుంటి ఆ కొత్త గోడకు ముక్కు ఆనించి చూసింది. ఆకలి కూడా మరిచిపోయింది.

"నీ ఒంట్లోనూ జరిగేది ఇదే. పరుగు నిన్ను కాస్త పగలగొడుతుంది. తిని, తాగి, నిద్రపోతే ఒళ్లు తనను తాను కట్టుకుంటుంది" అంది వెనకే వచ్చిన సింగారి.

"నేను పడుకున్నప్పుడా?"

"పడుకున్నప్పుడే ఎక్కువ. గోడ తడి ఆరకముందే మళ్లీ గుద్దితే మాత్రం కూలిపోతుంది."

అప్పుడే రాయుడు దుమ్ము రేపుకుంటూ అటు వచ్చింది. అది కూడా నిన్నటినుంచి పరుగెత్తుతోంది. కాళ్లు వణుకుతున్నా ఒప్పుకోవడం లేదు.

"ఏం జుంటక్కా, ఒక్కరోజుకే మూలపడ్డావా? నన్ను చూడు. నొప్పిని తొక్కుకుంటూ పోవాలి!"

"ముందు ఆ ఎడమకాలు చూసుకో, రాయుడూ. నేల మీద సరిగ్గా ఆనడం లేదు" అంది సింగారి.

రాయుడు గుర్రుమని వెళ్లిపోయింది.

ఆనాటి నుంచి జుంటి ఒకరోజు పరుగెత్తితే ఒకరోజు ఊరికే నడిచేది. పరుగు కూడా మెల్లగానే. మాట్లాడుతూ పరుగెత్తగలిగినంత వేగమే. పరుగు తర్వాత కాళ్లు మెల్లగా సాగదీసేది, మేడిపండ్లు తినేది, తనివితీరా నిద్రపోయేది.

ఒకనాడు అది పెద్ద బండదాకా పరుగెత్తి ఆగింది. ఎప్పుడూ అక్కడికి చేరేసరికి కూలబడాలనిపించేది. ఆ రోజు ఊపిరి మామూలుగా ఆడుతోంది. తన ముందుకాళ్లను తిప్పితిప్పి చూసుకుంది. అవే గోళ్లు, అదే నల్లబొచ్చు. లోపల మాత్రం ఎవరో కొత్త కాళ్లు పెట్టినట్టుంది. ఇదంతా తనకు తెలియకుండానే, తన నిద్రలో జరిగిందంటే దాని ఒళ్లు గగుర్పొడిచింది.

అదే వారంలో రాయుడి ఎడమకాలు చటుక్కుమంది. విశ్రాంతి లేకుండా పరుగెత్తిన ఆ కాలిని ఇక నేల మీద మోపలేకపోయింది.

బయలుదేరే రోజు వచ్చింది. ఊటలో మిగిలింది బురదే. జుంటి రాయుడి దగ్గరికి వెళ్లింది. "ఆ బురద తవ్వితే కొంచెం చెమ్మ దొరుకుతుంది. కాలు కదపకు. వాన పడగానే వస్తాను" అంది.

తూర్పు ఎర్రబడుతుండగా సింగారి ముందు దూకింది. వెనక జింకలు, కుందేళ్లు, వాటి వెనక జుంటి. ఎదుట బయలు ఆకాశమంత ఉంది. అంత ఖాళీ చోటు జుంటి ఎప్పుడూ చూడలేదు. ఇంత బయలును నా కాళ్లు దాటుతాయా?

దాటుతున్నాయి. ఒకదాని తర్వాత ఒకటి, తొందర లేకుండా, తప్పకుండా పడుతున్నాయి. నడుమ అలసట వచ్చింది. జుంటి బెదరలేదు. వేగం కాస్త తగ్గించి ఊపిరి సర్దుకుంది.

దూరంగా రేచుకుక్కల ఈలలాంటి అరుపు వినిపించింది.

"ఇప్పుడే జుంటీ, ఇప్పుడు!" సింగారి కేక వేసింది.

దాచుకున్న బలమంతా ఒక్కసారిగా బయటికి వచ్చింది. గడ్డి చెవుల పక్కన గీతల్లా వెనక్కి పోయింది. మరుక్షణం కాళ్ల కింద నేల చల్లబడింది. ఇసుక! దాని అవతల, సూర్యుణ్ణి ముక్కలుముక్కలుగా మోసుకుపోతున్న ఏరు. రేచుకుక్కలు గట్టు మీదే ఆగిపోయాయి. లోతు నీళ్లలోకి అవి దిగలేదు.

మిగతావాటి వెనకే జుంటి కూడా ఈది అవతలి ఒడ్డు చేరింది. వెంటనే పడుకోలేదు. మెల్లగా నడిచింది. కొద్దికొద్దిగా నీళ్లు తాగింది. తర్వాత ఇసుకలో బోర్లా పడుకుని, తాను దాటి వచ్చిన బయలు వైపు చాలాసేపు చూస్తూ ఉండిపోయింది.

వానలు పడ్డాక అందరూ అడవికి తిరిగి వచ్చారు. రాయుడు బతికే ఉంది. కానీ ఎముకల గూడులా ఉంది, నడక కుంటిదైంది.

"జుంటక్కా, నాకు మళ్లీ పరుగు వస్తుందా?" అని చిన్న గొంతుతో అడిగింది.

"మెల్లగా వస్తుంది. ముందు తిని పడుకో."

రాయుడు తడి ఆకుల మీద ఒరిగి కళ్లు మూసుకుంది.

నీతి: అలసిన ఒంటికి విశ్రాంతి ఇచ్చేవాడికి బలం పెరుగుతుంది, అలసటను లెక్కచేయనివాడు ఉన్న బలమూ పోగొట్టుకుంటాడు.