చుక్కయ్య ఎద్దూ, తుంగ పట్టిన పెరడూ

సింహాద్రి ఇంటి వెనక, బావి దాటాక, పెరట్లో సగం నేల ఎవరికీ పట్టకుండా పడి ఉండేది. వాళ్ళ నాన్న బతికున్న రోజుల్లో అక్కడ వంకాయలు కాసేవట, బీరపాదులు పాకేవట. ఇప్పుడు చూస్తే నడుమెత్తు వయ్యారిభామ కలుపు, దాని కింద చాప పరిచినట్టు తుంగ. ఈ తుంగ ఉందే, పైకి గడ్డిలా కనిపిస్తుంది గానీ దాని సంసారమంతా నేల కిందే. దారానికి పూసలు గుచ్చినట్టు గడ్డలు ఒకదాన్నొకటి పట్టుకుని ఉంటాయి. పైన ఎంత కోసినా కిందవాటికి చీమ కుట్టినట్టయినా ఉండదు.

ఆ పొదల్లో ఒక గుంటనక్క కాపురం పెట్టింది. పగలంతా హాయిగా నిద్రపోవడం, సందు దొరికితే కోళ్ళగంప మీద పడటం దాని పని. పాపం, కక్కెరమ్మ అనే కోడిపెట్ట ఎన్నిసార్లు పొదిగినా పిల్లలు చేతికి దక్కేవి కావు.

పశువుల పాకలో చుక్కయ్య అని ముసలి ఎద్దు ఉండేవాడు. నుదుట తెల్లచుక్క ఉంది కనక ఆ పేరు. నోట్లో నాలుక లేనివాడు, ఏ పని చెప్పినా వంక పెట్టేవాడు కాడు. ఒక్క జబ్బు మాత్రం ఉంది. ఏటా ఏరువాక నాడు కొమ్ములకి రంగు పూసి, బొట్టు పెట్టి, ఇంటిల్లిపాదీ దణ్ణం పెట్టేవాళ్ళు కదా, ఆ దణ్ణాలు తలకెక్కాయి. ఇంకో పశువు మూతి పెట్టిన కుడితి ముట్టడు. మేక నడిచిన దారిన నడవడు. మడి అంటే మడే.

ఆ వేసవిలో గడ్డివామి అడుగంటింది. ఒక పొద్దున సింహాద్రి పాక దగ్గర నిలబడి పెళ్ళాంతో అన్నాడు.

"ఈ ముసలాణ్ణి ఊరికే కూర్చోబెట్టి మేపడం మన వల్ల కాదే. ఆ పెరటి మూల బాగుంటే జొన్న చల్లేవాళ్ళం, చొప్పకి కొదవుండేది కాదు, వీడూ మన దగ్గరే పడి ఉండేవాడు. వానాకాలం పోయేలోపు ఏ దారీ దొరక్కపోతే సంతకి తోలెయ్యడమే."

సంతకి తోలిన ముసలి ఎద్దు అక్కణ్ణించి ఎక్కడికి పోతుందో పాకలో దూడకి కూడా తెలుసు. చుక్కయ్యకి నోట్లో నెమరు అలాగే ఆగిపోయింది.

మధ్యాహ్నం కక్కెరమ్మ పాకలోకి వచ్చి, "ఏంటన్నా, పొద్దుట్నుంచీ గడ్డి ముట్టలేదట?" అంది.

"ముట్టడానికి గడ్డేదీ? ఆ మూల బాగు చెయ్యాలి చెల్లెమ్మా. బాగు చేస్తే బతుకుతాను, లేకపోతే లేదు."

"అంతేగా? ముత్యాలుని పిలు."

ముత్యాలంటే పెరటి ముళ్ళకంపకి అవతల ఉండే ఆడపంది. పందులు మేపే అప్పన్న మందలోది. పిల్లల్నేసుకుని వీధి మురుగంతా తిరుగుతుంది.

"ఎవర్నీ?" అన్నాడు చుక్కయ్య, వినపడనట్టు.

"ముత్యాలుని. తుంగగడ్డలంటే పడి చస్తుంది. ముట్టెతో ఒక్కో గడ్డా తవ్వుకుని నమిలేస్తుంది. పిల్లలతో దిగిందంటే వానలు పడేలోపు నేల శుభ్రం. నాకూ ఆ నక్క పీడ వదులుతుంది."

"పెరట్లోకి పందిని రమ్మంటావా? తులసికోట ఉన్న పెరడమ్మా అది. అది తొక్కిన నేలలో పండిన చొప్ప నేను తినాలా?"

"చస్తానంటున్నావు, మళ్ళీ చొప్ప ఎవరు తొక్కిందని అడుగుతున్నావు. నీకెలా చెప్పాలన్నా?"

కోడి ఊరుకోకుండా కంప దగ్గరికెళ్ళి ముత్యాలుని కేకేసింది. ముత్యాలు బురద విదిలించుకుంటూ వచ్చి, కంప సందులోంచి తల పెట్టింది. "దణ్ణం చుక్కయ్య బాబూ. తుంగ తీయడానికేనా? మాకు తిండి, మీకు పని. ఇప్పుడే రమ్మంటే ఇప్పుడే వస్తాం" అంది.

"అక్కడే ఆగు. కంప దాటకు" అన్నాడు చుక్కయ్య. అని మొహం తిప్పుకున్నాడు.  ముత్యాలు పిల్లల్ని తోలుకుని వెళ్ళిపోయింది.

ఈ మాటలన్నీ పొదలోంచి నక్క విన్నది. దానికి నిద్రమత్తు దెబ్బకి వదిలింది. పందులు దిగితే తన ఇల్లు గుల్ల. అది ఒళ్ళు దులుపుకుని, వినయంగా తోక ముడుచుకుని, పాక ముందుకొచ్చి కూర్చుంది.

"మావయ్యా, బాగా చెప్పావు. ఈ రోజుల్లో మడీ ఆచారం నీ ఒక్కడి దగ్గరే మిగిలింది. నిన్ను చూసి గర్వపడుతున్నాను."

"గర్వపడితే తుంగ పోతుందేంటి అల్లుడూ?"

"పోగొట్టే దారి లేదనుకున్నావా? పాకలో మూలకి కలుపు కోసే గుంటక పడి ఉంది కదా. ఇంత బతుకు బతికి గుంటక తోలడం నీకు నేను నేర్పాలా? నువ్వు లాగు. బరువుకి నేను పైన నిలబడతాను. నీ ఒంట్లో ఉన్న బలం పందిముట్టెలో ఉంటుందా ఎక్కడైనా?"

కక్కెరమ్మ గంప మీంచి అరిచింది. "అన్నా, అది నక్క. దాని ఇల్లు అదే కూల్చుకుంటుందా? ఒక్కసారి ఆలోచించు."

"కోడికి నేనంటే పడదులే మావయ్యా" అంది నక్క నిదానంగా. "నేను ముసలివాణ్ణయిపోయాను. కొండ పక్కకి వెళ్ళిపోదామనుకుంటున్నా. వెళ్ళే ముందు ఒక్క మంచిపని చేసి పోతే నాకూ పుణ్యం."

పుణ్యం అనే మాట చుక్కయ్య చెవికి ఎప్పుడూ తీపే. ఇంకేం, మర్నాడే పని మొదలు. ముందు వయ్యారిభామని కొమ్ములతో పెకిలించాడు. దాని పుప్పొడికి కళ్ళు వాచాయి, ముక్కు కారింది. అయినా ఆగలేదు. తర్వాత గుంటక మెడకెత్తుకున్నాడు. వెనక నక్క రాజుగారిలా నిలబడి, "అటు మావయ్యా, ఇటు మావయ్యా, మళ్ళీ ఒకసారి ఇదే చాలు మావయ్యా" అని తోలించింది. నిలువుగా తోలారు, అడ్డంగా తోలారు. ముసలి ఒళ్ళు, కడుపులో తిండి లేదు, మెడ మీద చర్మం కొట్టుకుపోయింది. రోజులు గడిచేసరికి నేల అద్దంలా తేరింది. పచ్చటి పరక ఒక్కటి లేదు.

గుంటక కింద ఏం జరిగిందో చుక్కయ్య చూడలేదు. పైన ఆకు తెగింది, కింద దారం తెగింది, పూసలు మాత్రం తెగలేదు. ఒకచోట గుత్తిగా ఉన్న గడ్డల్ని ఆ గుంటక, పళ్ళెంలోని అక్షింతలు చల్లినట్టు నేలంతా చల్లింది. చుక్కయ్య తన మెడతో తనే చల్లుకున్నాడు.

సింహాద్రి వచ్చి చూసి నోరు తెరిచాడు. "ఇదేంటే, నేల బాగుపడినట్టుందే" అని సంబరపడి, తొలకరి పడగానే జొన్న చల్లించాడు. ఆ సాయంత్రం చుక్కయ్య మెడకి ఆముదం రాశాడు. చుక్కయ్య అంత ఆనందంగా ఎన్నడూ నెమరు వెయ్యలేదు.

వాన కురిసింది. జొన్న ఇంకా మొలక చూపకముందే, సూదులు గుచ్చినట్టు తుంగ లేచింది. ఒక చోటని కాదు, బావి గట్టు నుంచి కంప దాకా ఎక్కడ చూసినా తుంగే. జొన్న మొక్కలు మధ్యలో ఊపిరాడక పాలిపోయి, సగంలో మాడిపోయాయి. చుక్కయ్య పిచ్చివాడిలా నోటితో పీకాడు. పీకినచోట మర్నాటికి మళ్ళీ మొలిచేది. పళ్ళు అరిగాయి గానీ తుంగ అరగలేదు.

"అల్లుడూ, అల్లుడూ" అని నక్కని పిలిచాడు. కంప వారగా మళ్ళీ తలెత్తిన వయ్యారిభామలోంచి నక్క తల బయటపెట్టింది.

"కొండ పక్కకి పోతానన్నావు?"

"పోదామనే అనుకున్నా మావయ్యా. ఇల్లు ఇంత చల్లగా తయారయ్యాక మనసు రావట్లేదు."

"నన్ను ముంచావు కదరా."

"నేను ఏం చేశాను? గుంటక లాగింది నువ్వు. పందిని వద్దన్నదీ నువ్వే. నా ఇల్లు నేను కాపాడుకున్నానంతే." అని తల లోపలికి లాక్కుంది.

 చుక్కయ్య కంప దగ్గరికి ఎలాగో వెళ్ళి నిలబడ్డాడు. అవతల ముత్యాలు పిల్లలకి పాలిస్తోంది.  ముత్యాలే చూసి లేచి వచ్చింది.

"ఏం బాబూ?"

"ముత్యాలూ, తప్పయింది. వస్తావా?"

"వస్తాను. ఇప్పుడే రమ్మంటారా?"

చుక్కయ్య అటూ ఇటూ చూశాడు. పాకలో ఆవులు చూస్తున్నాయి. వీధిలో మేకలు చూస్తున్నాయి. "ఇప్పుడు వద్దు. చీకటి పడ్డాక రా. ఎవరూ చూడకుండా" అన్నాడు.

ముత్యాలు కోప్పడలేదు. "బాబూ, పగలు పనికిరానిదాన్ని చీకట్లో మాత్రం ఎందుకొస్తాను? నా పిల్లల్ని దొంగతనంగా తిప్పుకోవాల్సిన ఖర్మ నాకేంటి? రమ్మని పదిమందిలో ఒక్క మాటనండి, ఈ క్షణమే వస్తా" అంది.

ఒక్క మాట. చుక్కయ్య నోరు తెరిచాడు. ఆవులు ఇంకా చూస్తూనే ఉన్నాయి. తెరిచిన నోరు మూసుకుని, తల దించుకుని పాకలోకి పోయాడు. కక్కెరమ్మ గంప మీద కూర్చుని ఏడ్చింది. దానికి ఆ వారమే మళ్ళీ పిల్లలు పోయాయి.

వానలు వెనకబట్టాయి. సంత రోజున సింహాద్రి చుక్కయ్య మెడకి కొత్త పలుపు వేశాడు. బయల్దేరదీస్తూ కంప దగ్గర ఆగి, అవతలున్న పందుల అప్పన్నని కేకేశాడు.

"ఒరే అప్పన్నా, ఈ మూల ఇక మా వల్ల కాదు. కంప తీసేస్తున్నా, నీ పందుల్ని తోలుకో. ఆ తుంగగడ్డలన్నీ తిని పోనియ్. వచ్చే ఏడు జొన్న చల్లుకుంటాను."

"అలాగే బాబూ. ఎప్పుడడిగినా తోలేవాణ్ణి కదా" అన్నాడు అప్పన్న.

చుక్కయ్య నడిచేవాడల్లా నిలబడిపోయాడు. పక్కనే కక్కెరమ్మ ఉంది.

"చెల్లెమ్మా, మన రైతుకి పెరట్లోకి పందులొస్తే పర్వాలేదా?"

"ఆయన ఎన్నడన్నా వద్దన్నాడా అన్నా?" అంది కక్కెరమ్మ. "అన్నది నువ్వే."

సింహాద్రి పలుపు లాగాడు. కంప ఊడబెరికిన చోట ముత్యాలు పిల్లలతో పట్టపగలే పెరట్లోకి దిగింది. అప్పటికే పొద ఖాళీ, నక్క పక్కింటి పెరడు చూసుకుంది. మరుసటి ఏడు ఆ నేలలో జొన్న మనిషెత్తు పెరిగిందట. ఆ చొప్ప కొత్త గిత్త తిన్నది.

ప్రాణం మీదికి వచ్చినప్పుడు కూడా సాయానికొచ్చిన వాళ్ళ పుట్టుక చూసేవాడు, మిగతా లోకం వద్దనకపోయినా తన చేతుల్తో తనే పోతాడు.