సింగారమ్మకు తగిలిన దిష్టి

అనగనగా ఒక అడవి, ఆ అడవిలో సింగారమ్మ అనే ఎలుగుబంటి. నవ్వకండి పిల్లలూ, ఆ పేరు నేను పెట్టలేదు. తనంత అందగత్తె చుట్టుపక్కల లేదని ఆవిడ నమ్మకం. కొడుకు గున్నడిని వీపు మీద ఎక్కించుకుని రోజంతా తిరిగేది.

కొన్నాళ్ళుగా ఆవిడకు చూపు మసకేసింది. ఒకరోజు చీమల పుట్టను చూసి, "బాగున్నారా అత్తయ్యా?" అంది. పుట్ట పలకలేదు. "అబ్బో, ఏం పొగరు!" అని మూతి తిప్పుకుని వెళ్ళింది. చివరికి గున్నడు పోరుపెట్టి గుడ్లగూబ డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళాడు.

డాక్టరు పరీక్ష చేసి, "అమ్మా, నీకు దృష్టి తగ్గింది. కంట్లో ఒత్తిడి పెరిగింది. పోయిన చూపు తిరిగి రాదు. రోజూ ఈ చుక్కలు వేసుకుంటే ఉన్నది నిలుస్తుంది" అని మందు సీసా ఇచ్చాడు.

దారిలో కొండముచ్చు కోటయ్య ఎదురయ్యాడు. "ఏమన్నాడు వదినా డాక్టరు?"

"ఏదో... దృష్టి అన్నాడు" అని నసిగింది సింగారమ్మ.

"దిష్టా! అనుకుంటూనే ఉన్నా. ఇంత అందం చూస్తే ఎవరి కళ్ళు ఊరుకుంటాయి?"

"దిష్టి కాదు బాబాయ్, దృష్టి" అన్నాడు గున్నడు.

"పెద్దవాళ్ళు మాట్లాడుతుంటే మధ్యలో నువ్వేంట్రా?" అని కసిరింది తల్లి.

మరి అంతే కదా! దృష్టి తగ్గిందంటే నామోషీ. దిష్టి తగిలిందంటే గొప్ప. సింగారమ్మ గొప్పనే ఏరుకుని, మందు సీసాను పొదలోకి విసిరేసింది.

కోటయ్య వైద్యం మొదలైంది. ముందు ఉప్పూ ఎండుమిరపకాయలూ దిగదుడిచి నిప్పుల్లో పోశాడు. ఘాటు వస్తే దిష్టి పోతున్నట్టట, రాకపోతే బాగా పట్టినట్టట. ఎటు చూసినా కోటయ్యదే గెలుపు! తర్వాత నిమ్మకాయ కోస్తే రసం కంట్లో చిందింది. "ఏడువు వదినా, దిష్టి కారిపోతోంది" అన్నాడు. ఆఖరికి గుహ ముందు గుమ్మడికాయ కట్టాడు. అది కనబడక సింగారమ్మ రోజూ దానికి తల కొట్టుకునేది. ఒక్కో వైద్యానికీ కోటయ్యకు ఒక తేనెపట్టు ముట్టేది. పాపం, ఎంత కష్టపడుతున్నాడో!

ఆరు నెలలు గడిచాయి. వానలకు వాగు పొంగింది. ఎర్రనీళ్ళు సింగారమ్మకు ఎర్రమట్టి దారిలా కనబడ్డాయి.

"అమ్మా, ఆగు! నీళ్ళు!" అని అరిచాడు గున్నడు.

"నాకు కనబడుతోందిలేరా!" అని అడుగు వేసింది.

ఇద్దరూ వాగులో పడ్డారు. గున్నడు వీపు మీద నుంచి జారిపోయాడు. ఒక నీటికుక్క వాడి మెడ పట్టుకుని ఒడ్డుకు లాగింది. సింగారమ్మ ఈదుకుంటూ వచ్చి, గట్టు మీద నల్లగా కనబడినదాన్ని కావలించుకుని, "నా తండ్రీ, పలకవేంరా!" అని గుండెలు బాదుకుంది.

రెండడుగుల అవతల నుంచి చిన్న గొంతు వినబడింది. "అమ్మా, అది బండ. నేను ఇక్కడున్నాను."

ఆ మాటకు సింగారమ్మ అందమంతా నీరుగారిపోయింది. ఆ రోజే డాక్టరు దగ్గరికి పరుగెత్తింది. ఎడమ కన్ను అప్పటికే పోయింది. కుడి కంట్లో కాస్త చూపు మిగిలింది.

ఇప్పుడావిడ వేళకు చుక్కలు వేసుకుంటుంది. కర్రతో తడిమి చూశాకే అడుగు వేస్తుంది. గున్నడి కాలికి గజ్జె కట్టింది. ఎవరైనా ఎదురైతే, "నాకు సరిగ్గా కనబడదు, మీరెవరో చెప్పండి" అని తనే అడుగుతుంది.

మొన్న కోటయ్య చెట్టు మీద నుంచి, "వదినా, ఇంకో గుమ్మడికాయ కట్టనా?" అన్నాడు.

"ఎవరూ, కోటయ్యా? కొంచెం దగ్గరికి రా నాయనా, కనబడటం లేదు" అంది సింగారమ్మ, కర్ర సవరించుకుంటూ.

ఎందుకో మరి, కోటయ్య దిగలేదు.

నీతి: కనబడటం లేదని చెప్పుకోవడానికి సిగ్గుపడితే, ఉన్న చూపు కూడా పోతుంది.