అంచులు కొయ్యని పుస్తకం

అనగనగా, గోదారి పాయల నడుమ ఒక లంక ఊరుండేదిట. ఆ ఊళ్ళో వరహాలు అని ఒక పిల్ల. ఊఁ కొడుతున్నావా? కొట్టాలి మరి. నువ్వు ఊఁ కొట్టకపోతే నేను గోడకి చెప్పుకోవాలా కథ?

వరహాలు వాళ్ళమ్మ పేరు నూకరత్నం. పొయ్యి మీద కూర ఉడుకుతుంటే ఆవిడ పక్కనే పీట వేసుకుని పురాణం పుస్తకం చదివేది. కాస్త చదవడం, లేచి కూర కలపడం, మళ్ళీ వచ్చి చదవడం. ఒక వానాకాలం ఆవిడకి జ్వరం వచ్చింది. తగ్గలేదమ్మా. పోయింది. అవును, కథల్లో కూడా అమ్మలు పోతారు. ఇలా దగ్గరికి జరుగు.

ఆ తర్వాత వరహాలు నాన్న తాతారావు భార్య పేరెత్తడం మానేశాడు. ఆవిడ చీరలు ఎవరెవరికో ఇచ్చేశాడు. చూస్తే తట్టుకోలేడు, అంతే. ఇక ఇంట్లో అమ్మదంటూ మిగిలింది ఆ పుస్తకం ఒక్కటే. అదీ ఆ ఏడాదే వరదొచ్చి, గూట్లోకి నీళ్ళెక్కి నానిపోయింది. అట్ట ఊడింది, కుట్లు తెగిపోయాయి.

మన వైపు దేవుడి పుస్తకం పాడైతే చెత్తలో వెయ్యరు, నదికి ఇస్తారు. అందుకని తాతారావు అన్నాడు, "చినిగిన పురాణం ఇంట్లో ఉంచకూడదమ్మా. సంవత్సరీకం నాడు గోదాట్లో కలిపేద్దాం."

వరహాలు పుస్తకాన్ని గబుక్కున ఒళ్ళోకి లాక్కుంది. "నేను బాగుచేస్తాను నాన్నా. ఆ రోజుకి చదవడానికి వీలుగా ఉంటే ఉంచేసుకుందాం," అంది. ఆయన సరేనన్నాడు. ఈ పిల్ల వల్ల ఏమవుతుందిలే అనుకున్నాడు.

అప్పుడు వరహాలు ఏం చేసింది? వడియాలు పెట్టినట్టు పుస్తకం ఆకులన్నీ మిట్టమధ్యాహ్నం ఎండలో పరిచింది. అవి అప్పడాల్లా పెళుసెక్కి అంచులు అక్కడక్కడా విరిగాయి.

ఆ తర్వాత అన్నం మెతుకులు మెత్తగా నలిపి చిరుగులు అతికించింది. బొద్దింకలకి పెళ్ళి భోజనం పెట్టినట్టయింది. అతుకులన్నీ కొరికి పెట్టాయి.

ఆ తర్వాత కుడదామని కూర్చుంది. ఆ ఊరి ఆడపిల్లలకి వచ్చిన కుట్టు ఒక్కటే, బొంత కుట్టు. ఆకులన్నీ దొంతర పెట్టి, ఈ పక్కనుంచి ఆ పక్కకి దబ్బనం దించి, బిగించి మరీ కుట్టేసింది. ఎంత గట్టిగా కుట్టిందంటే పుస్తకం తెరుచుకోదు! లోపలి వైపు మాటలన్నీ కుట్టు కింద చిక్కుకుపోయాయి. అమ్మ పుస్తకాన్ని నా చేతులతో నేనే పాడుచేశానని వెక్కి వెక్కి ఏడ్చింది. ఏడవదూ మరి?

రేవు అవతల కాశింబీ అని ఒకావిడ ఉండేది. ఇంటి వసారాలోనే పుస్తకాలు బైండింగు చేసేది. వరహాలు పంటు ఎక్కి గోదారి దాటి ఆవిడ దగ్గరికి వెళ్ళింది.

కాశింబీ పుస్తకాన్ని అటూ ఇటూ తిప్పి చూసింది. "ఎవరే దీన్ని కుట్టింది? పుస్తకం అనుకున్నారా, పరుపు అనుకున్నారా?"

"నేనే పెద్దమ్మా. ఇది మా అమ్మది. మా అమ్మ లేదు."

కాశింబీ చాప మీద చోటు చూపించింది.

అప్పటినుంచి వరహాలు వీలున్నప్పుడల్లా వెళ్ళేది. ముందు తను వేసిన కుట్లన్నీ తనే విప్పుకోవాల్సి వచ్చింది. ఆ తర్వాత మైదా జిగురు ఉడికించడం నేర్చుకుంది. పురుగు పట్టకుండా అందులో చిటికెడు మైలుతుత్తం కలపాలిట. విడిపోయిన ఆకుల్ని జతలు జతలుగా కాగితం పట్టీతో కలిపి మడతలు చేసింది. ఆ మడతల నడుమ కుట్టింది. అలా కుడితే పుస్తకం హాయిగా తెరుచుకుంటుంది. వేళ్ళు ఎన్నిసార్లు గుచ్చుకున్నాయో ఆ పిల్లకే తెలియాలి. చివరికి పైన రుబ్బురోటి పొత్రం బరువు పెట్టి, నీడలో ఆరనిచ్చారు.

ఇక అంచులు కోసి చదును చేస్తే అయిపోయినట్టే. కాశింబీ పెద్ద కత్తి తీసింది. వరహాలు గబుక్కున పుస్తకం మూల మీద చెయ్యి అడ్డం పెట్టింది.

"చెయ్యి తియ్యి, తెగుతుందే!"

"కొయ్యొద్దు పెద్దమ్మా. ఇక్కడ మా అమ్మ వేలు ఉంది."

కాశింబీ వంగి చూసింది. ప్రతి ఆకు మూలా పసుపు మరక. కూర కలిపిన చేత్తోనే ఆకులు తిప్పేది కదా నూకరత్నం! నూనే పసుపూ కలిసిన మరక, వరద నీళ్ళకీ పోలేదు.

"అంచు కొయ్యని పుస్తకం నా చేతి మీదుగా వెళ్తే నలుగురూ నవ్వరూ?" అంది కాశింబీ. పనంటే ఆవిడకి మహా పట్టింపు. ఒక్కో ఆకూ తిప్పి మరకలు చూసింది. "నవ్వితే నవ్వనీలే," అని కత్తి చాప కింద పెట్టేసింది.

సంవత్సరీకం రానే వచ్చింది. తాతారావు గోదారికి తీసుకెళ్దామని పుస్తకం అడిగాడు. వరహాలు తెచ్చి చేతిలో పెట్టింది. కొత్త అట్ట, గట్టి కుట్టు, అంచులు మాత్రం ఎగుడుదిగుడు.

"ఇదేమిటమ్మా, ఎలక కొరికినట్టుంది?"

"మూల చూడు నాన్నా. అమ్మ వేలు."

ఆయన ఆ మరక మీద తన బొటనవేలు పెట్టాడు. మరక మొత్తం వేలి కింద దాగిపోయింది. చెరిపేశానేమోనని హడలిపోయి చప్పున వేలు తీశాడు. ఉంది. అక్కడే ఉంది. "నూకరత్నం," అన్నాడు. ఏడాదికి ఆ పేరు ఆయన నోటివెంట వచ్చింది. నేల మీద కూలబడి, చిన్నపిల్లాడిలా ఏడ్చాడు. వరహాలు కూడా ఏడ్చింది.

ఆ తర్వాత కళ్ళు తుడుచుకుని, "చదవమ్మా," అన్నాడు.

వరహాలు చదివింది. ఆకు తిప్పాల్సి వచ్చినప్పుడల్లా ఆయనే తిప్పాడు, మరక పక్కన వేలు పెట్టి, మరక మీద పడకుండా.

పుస్తకమేమో గూటికి,
కథేమో కంచికి,
కునుకేమో నా తల్లి కంటికి.